అవకలన సమీకరణాన్ని సమాకలనంతో ఎందుకు, ఎలా సాధిస్తారు?

ఒక రాశి విలువ తెలియక, అది మారే రేటు మాత్రమే తెలిసినప్పుడు, ఆ రేటును, అంటే అవకలజాన్ని, కలిగి ఉండే సమీకరణాన్ని అవకలన సమీకరణం అంటారు. అవకలనానికి విలోమ ప్రక్రియ సమాకలనం కాబట్టి, రేటును సమాకలనం చేస్తే అసలు రాశి లభిస్తుంది.

ఉదాహరణకు, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, నిశ్చల స్థితి నుంచి జారవిడిచిన రాయి వేగం ప్రతి సెకనుకూ 9.8 మీటర్లు/సెకను మేర పెరుగుతుంది. ఈ రేటును కాలం దృష్ట్యా సమాకలనం చేస్తే, వేగం 9.8ని కాలంతో గుణించి ఒక స్థిరాంకాన్ని కలిపినంత అవుతుంది. స్థిరాంకపు అవకలజం సున్నా కావడంవల్ల అవకలనంలో అది జాడ లేకుండా పోతుంది. అందుకే సమాకలనంలో దాన్ని విధిగా చేర్చి, దాని విలువను తొలి నిబంధనతో నిర్ణయించాలి. ఇక్కడ ఆరంభ వేగం సున్నా గనుక స్థిరాంకమూ సున్నాయే. వేగం అంటే దూరం మారే రేటు కాబట్టి, మరొకసారి సమాకలనం చేసి, ఆరంభ దూరాన్ని సున్నాగా తీసుకుంటే, రాయి పడిన దూరం 4.9ని కాలవర్గంతో గుణించినంత, అంటే 3 సెకన్లలో 44.1 మీటర్లు, అని తేలుతుంది.

లభించిన సాధనను తిరిగి అవకలనం చేసినప్పుడు మొదటి సమీకరణం వచ్చి, తొలి నిబంధన కూడా నెరవేరితే జవాబు సరైనదే. ఈ పరీక్షను విద్యార్థులు ప్రతి లెక్కలోనూ పాటించాలి.