ఒంటరి నావికుడు, వెంట నొక కుక్క

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలములోని ఎర్దండి గ్రామము గోదావరి యొడ్డున నున్నది. వేసవిలో నీరు తీసిన కొలది నది నడుమ ఇసుకతిన్నెలు బయటపడును. అట్టి తిన్నెకు ఒక జాలరి తన పుట్టిని చేర్చె ననుకొందము. వెంటనున్న కుక్క అతనికంటె ముందే దుమికి, అతడు వల విప్పుకొనులోపల తిన్నె యంతయు వాసన చూచి వచ్చును. ఎవరును లేని చోటని జాలరి నమ్మకము. కాని తీతువు గూడు కట్టదు. గులకరాళ్ళ నడుమ గులకరాళ్ళ వంటి గ్రుడ్లను పెట్టును. మనుష్యుని కన్నును మోసగించు ఆ రంగు కుక్క ముక్కును మోసగింపజాలదు. పంచతంత్రములో టిట్టిభ దంపతుల గ్రుడ్లను సముద్రుడు హరింపగా, గరుత్మంతుడు మొరపెట్టుకొనుటయు, విష్ణువు కల్పించుకొనుటయు జరిగి అవి తిరిగి దొరకినవి. కుక్క తిన్న గ్రుడ్లకు ఆ యుపాయము లేదు.

అయినను ఒంటరి నావికునితో, కుక్కను కట్టివేయుమని చెప్పుట కష్టమే. టిమ్ షాడక్ అను ఆస్ట్రేలియా నావికుడు 2023లో బెల్లా యను కుక్కతో మెక్సికోనుండి పసిఫిక్ సముద్రము దాటబోయెను. తుపానులో నావ యంత్రములు చెడగా, వారిరువురును పచ్చి చేపలతో, వాననీటితో సుమారు మూడు నెలలు బ్రతికిరి. మెక్సికో చేపల ఓడ యొకటి వారిని రక్షించిన పిమ్మట, తనకంటె బెల్లాయే ధైర్యము గలదని అతడు చెప్పెను.

డేనియల్ డెఫో 1719లో ప్రకటించిన నవలలో రాబిన్సన్ క్రూసోకు కుక్క పదునారేండ్లు తోడుండెను. ఆ నవలకు ప్రేరణ యని చెప్పబడు అలెగ్జాండర్ సెల్కిర్క్ మాత్రము చిలీ దేశమునకు పడమట నున్న జువాన్ ఫెర్నాండెజ్ దీవిలో 1704 నుండి 1709 వరకు మేకలతో, పిల్లులతో గడపెను. ఆ మేకలు పూర్వపు ఓడలవారు వదలిన వాని సంతతి. తమ శత్రువుల ఓడలకు అవి ఆహారమగుచున్నవని స్పెయిన్ వారు, వానిని రూపుమాపుటకై పెద్ద కుక్కలను దీవిపై వదలిరి. 1741లో ఆంగ్ల నౌకాధిపతి జార్జి ఆన్సన్ అచ్చట దిగునాటికి, కుక్కలు ఎక్కలేని కొండకొమ్ములపై కొలది మేకలు మాత్రమే మిగిలియుండెను. కుక్కలు సీలు పిల్లలను తిని బ్రతుకుచుండెను.

ఆ రేవులోనే 1896లో జాషువా స్లోకమ్ లంగరు వేసెను. పదకొండు మీటర్ల 'స్ప్రే' నావలో ఒంటరిగా భూప్రదక్షిణము చేసిన (1895-1898) తొలి నావికు డతడే. ఒడ్డున దిగి సెల్కిర్క్ గుహను చూచెను. దీవి పిల్లలతో కలసి పండ్లు కోసెను. కుక్కను అతడు వెంట బెట్టుకొనలేదు. సెయింట్ హెలీనాలో ఒక పెద్దమనిషి, కుక్కవలెనే తోడుండునని నచ్చజెప్పి ఒక మేకను అంటగట్టెను. అది కట్టిన త్రాళ్ళు నమిలి, కరిబియన్ సముద్రపటమును మ్రింగి, అతని గడ్డిటోపీని సైతము ఆరగించెను. అసెన్షన్ దీవిలో దానిని దింపి స్లోకమ్ ఊపిరి పీల్చుకొనెను. నవ్వు పుట్టించు కథయే. కాని ఒక జంతువును తెచ్చి దీవిపై దింపుట ఆనాటి వారికి ఎంత మామూలు పనియో ఇందువలన తెలియును.

మన గోదావరికిని అట్టి దీవి యొకటి కలదు. ఎర్దండి ముందు పారు ఈ నదియే, కాకినాడ యెదుట హోప్ ఐలాండ్ అను సుమారు 16 కిలోమీటర్ల ఇసుకమేటను రెండువందల యేండ్లుగా పేర్చినది. (ఆనకట్టలు పెరిగిన పిమ్మట సముద్రము చేరు ఒండ్రు తగ్గినది, అది వేరొక దుఃఖము.) శీతకాలము చివర రాత్రివేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అచ్చటికి వచ్చి, గుంటకు నూరు చొప్పున గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రమునకు మరలిపోవును. పిల్లల ముఖము తల్లి చూడదు. అవి పొదుగుటకు నలుబదియైదు మొదలు అరువది దినములు పట్టును. ఈలోపల కుక్కలు, నక్కలు గుంటలు త్రవ్వి తినుట ఆంధ్రతీర మంతట నున్న బాధయే. అందుచేతనే చాలచోట్ల గ్రుడ్లను జాగ్రత్తగా తీసి కంచెలలోపల పొదిగించుచున్నారు.

నావలో దినములకొలది నిలువలేని కుక్కకు నేల కావలెను, నిజమే. ఆ నెలలలో దానిని దింపక తప్పనిచో, మెడత్రాడు చేత బట్టుకొని అలలు తడుపు ఇసుకమీదనే నడిపింపవలెను. తాబేలు గ్రుడ్లు పెట్టునది పోటు అందని పొడి ఇసుకలో.