డీజీసీఏ చేతిలో ఉన్నదెంత?

అపోహ: మన హిందూపురం, ధర్మవరం వైపు విమానాశ్రయం రాకుండా పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) అడ్డుపడుతోంది.

వాస్తవం: అంత శక్తి దానికెక్కడిది! కొత్త విమానాశ్రయానికి స్థలం అనుమతి ఇచ్చేది కేంద్ర పౌర విమానయాన శాఖ. కట్టడం పూర్తయ్యాక రన్‌వే, లైట్లు, ఫైరింజన్లు తనిఖీ చేసి లైసెన్సు ఇవ్వడం డీజీసీఏ వంతు. మన చిక్కు వేరేచోట ఉంది. బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం 2008 మేలో మొదలైంది. దాన్ని కట్టిన కంపెనీతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతుంది: 25 ఏళ్ల దాకా, మైసూరు, హాసన్ మినహా, ఆకాశమార్గాన 150 కిలోమీటర్ల లోపు మరో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదు, ఉన్నదాన్ని ఆ స్థాయికి పెంచకూడదు. అక్కడి నుంచి హిందూపురం సుమారు 70, పెనుకొండ 100, ధర్మవరం 135 కిలోమీటర్లు. మనవైపు కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినా, పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు రన్‌వే 1990 నుంచే ఉన్నా, అందరం ఆ గీత లోపలే. 2024లో తమిళనాడు హోసూరుకు విమానాశ్రయం ప్రకటించినప్పుడూ ఎదురొచ్చింది ఈ షరతే. గడువు 2033 వరకు.

అపోహ: టికెట్ ధరలు డీజీసీఏ నిర్ణయిస్తుంది.

వాస్తవం: 1994 నుంచి ధర కంపెనీల ఇష్టం. కరోనా కాలంలో, 2020 మే నుంచి 2022 ఆగస్టు వరకు, ధరలకు హద్దు పెట్టింది కూడా మంత్రిత్వ శాఖే. ఇక పెద్ద విమానాశ్రయాల్లో టికెట్‌తో కలిపి గుంజే యూజర్ ఫీజు లెక్క తేల్చేది ఏరా అనే మరో సంస్థ. బ్యాగులు తెరిపించే భద్రతా నిబంధనలూ డీజీసీఏవి కావు, బీకాస్ అనే ఇంకో సంస్థవి.

అపోహ: విమాన కంపెనీకి వేసిన జరిమానా ప్రయాణికుడికి చేరుతుంది.

వాస్తవం: 2023 జనవరి 9న బెంగళూరులో గో ఫస్ట్ విమానం 55 మందిని బస్సులోనే వదిలేసి ఢిల్లీకి ఎగిరిపోయింది. కొడికొండ చెక్‌పోస్టు దాటి మనవాళ్లు వెళ్లేదీ ఆ విమానాశ్రయానికే. డీజీసీఏ 10 లక్షల జరిమానా వేసింది. ఆ సొమ్ము సర్కారు ఖజానాకే. ప్రయాణికుడికి పరిహారం వేరే లెక్క: సీటు ఖరారై, వేళకు వెళ్లినా ఎక్కించుకోకపోతే, గంటలోపు మరో విమానం చూపించకపోతే, కంపెనీ 20 వేల వరకు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. అడగనివాడికి కౌంటర్లో ఎవరూ గుర్తుచేయరు.

అపోహ: విమానమే ఎక్కనివాళ్లకు డీజీసీఏతో పనిలేదు.

వాస్తవం: ధర్మవరం పెళ్లిలో పట్టుచీరల మీదుగా తిరిగే డ్రోన్ కూడా దాని పరిధిలోదే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డ్రోన్‌కూ రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. మామూలు చోట్ల 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కర్లేదు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపైతే అడుగు పైకి లేపాలన్నా అనుమతి కావాల్సిందే. తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా. కెమెరామన్‌కు బయానా ఇచ్చేముందు ఆ సర్టిఫికెట్ చూపించమనండి.