చైనాకు వెళ్లింది బుద్ధుడొక్కడే కాదు

భారత, చైనా తత్త్వచింతనల మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఒక గీత గీసేస్తారు: మనది పరలోకం, వాళ్లది ఇహలోకం. ఆ గీత రెండు దేశాలకూ అన్యాయం చేసింది. ముఖ్యంగా మన తార్కికులను మనకే కాకుండా చేసింది.

అపోహ: మన దేశం నుంచి చైనాకు వెళ్లింది బౌద్ధం మాత్రమే.

వాస్తవం: ప్రధానంగా వెళ్లింది బౌద్ధమే, సందేహం లేదు. కానీ దానితో తలపడిన దర్శనాలూ వెళ్లాయి. ఉజ్జయినికి చెందిన పరమార్థుడు 6వ శతాబ్దంలో దక్షిణ చైనాలో ఉంటూ ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలను వ్యాఖ్యతో సహా చైనీస్‌లోకి తెచ్చాడు. బౌద్ధ భిక్షువుకు సాంఖ్యంతో ఏం పని అంటారా? ఖండించాలన్నా ముందు ఎదుటివాడి వాదం పూర్తిగా తెలియాలి. ఆ మర్యాద అప్పటి పండితులకు ఉంది. ఆ వ్యాఖ్యకు సంస్కృత మూలం మనకు మిగల్లేదు. ఎన్. అయ్యస్వామి శాస్త్రి చైనీస్ పాఠం ఆధారంగా దాన్ని మళ్లీ సంస్కృతంలో కూర్చారు. 'సువర్ణసప్తతి శాస్త్రం' పేరుతో 1944లో తిరుపతిలో, తిరుమల తిరుపతి దేవస్థానాల ముద్రణాలయంలో అది అచ్చయింది. పోగొట్టుకున్న సాంఖ్యవ్యాఖ్య ఒకటి చైనా తిరిగి తిరుపతి చేరిందన్నమాట! ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

645లో స్వదేశం చేరిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ అనువదించినవాటిలో వైశేషికుల దశపదార్థ శాస్త్రం ఉంది. వైశేషికమంటే ఆరో ఏడో పదార్థాలని చదువుకున్నాం. పది పదార్థాలు చెప్పిన ఈ గ్రంథం ఇవాళ చైనీస్‌లోనే మిగిలింది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి తర్కగ్రంథం న్యాయముఖాన్నీ ఆయన అనువదించాడు. దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాసిన కొండ వేంగికి దగ్గర్లో ఉందని తన యాత్రాగ్రంథంలో నమోదు చేసిందీ ఆయనే. వేంగి అనగానే చాళుక్యులు గుర్తొస్తారు గానీ, తర్కశాస్త్ర చరిత్రలోనూ ఆ ఊరికి చోటుంది.

అపోహ: చైనా తత్త్వమంతా మన దగ్గర నేర్చుకున్నదే.

వాస్తవం: కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551–479 నాటివాడు. మోజు, మెన్షియస్, జువాంగ్‌జు, షున్‌జు అందరూ క్రీస్తుకు ముందువాళ్లే. బౌద్ధం చైనాలో అడుగుపెట్టింది క్రీ.శ. 1వ శతాబ్దం ప్రాంతంలో. అప్పటికే అక్కడ మనిషి స్వభావం మంచిదా చెడ్డదా అన్న వాదం పాతబడింది. సైన్యం పంపకుండానే భారత్ చైనాను జయించిందన్న మాట హు షి పేరుతో వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ చైనా పండితుడు 1937లో 'చైనా భారతీకరణ' మీద వ్యాసం ప్రచురించిన మాట నిజం. అయితే అందులో ఆయన మురిసిపోలేదు. చైనా తన సొంత హేతుబద్ధ, మానవీయ సంప్రదాయానికి దూరమైన కాలంగానే దాన్ని చూశాడు. దాన్ని మనకిచ్చిన యోగ్యతాపత్రంలా పంచుకోవడం ఆయన ఆలోచనను తలకిందులు చేయడమే.

అపోహ: కుంగ్‌ఫూ బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు నేర్పిన విద్య.

వాస్తవం: 'సెవెన్త్ సెన్స్' సినిమా (2011) తర్వాత మన దగ్గర ఇది బలపడింది. బోధిధర్ముణ్ణి షావోలిన్ వ్యాయామాలతో ముడిపెట్టింది 17వ శతాబ్దపు గ్రంథం ఒకటి. అంటే ఆయన తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాక. ఆయన్ను ప్రస్తావించిన తొలి రచన, 547 నాటిది, పర్షియా భిక్షువంటుంది. దక్షిణ భారత రాజకుమారుడన్నది మరో పాత కథనం.

అపోహ: యిన్, యాంగ్ అంటే చెడు, మంచి.

వాస్తవం: కాదు. నీడ, ఎండలాగా ఒకటి లేకుండా రెండోది లేదు. వీటిలో ఒకటి గెలవాలన్న పట్టింపే అక్కడ లేదు.

అపోహ: భారతీయులు ఆత్మవాదులు, చైనీయులకు ఆ గొడవే లేదు.

వాస్తవం: ఆత్మ మీద చైనాలో జరిగిన వాదం చూస్తే ఈ మాట ఇక అనలేం. దేహం కత్తి, ఆత్మ దాని పదును, కత్తి పోయాక పదును ఎక్కడుంటుందని చైనా పండితుడు ఫాన్ జెన్ వాదించాడు. లియాంగ్ చక్రవర్తి వూ గొప్ప బౌద్ధాభిమాని. ఆయన ఆస్థానంలో 60 మందికి పైగా ఫాన్ జెన్ వాదానికి వ్యతిరేకంగా జవాబులు రాశారు. పిండి పులిస్తే మత్తు పుట్టినట్టు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్న మన చార్వాకులు వింటే ఫాన్ జెన్‌ను తమవాడే అనుకునేవారు.

ఈ వాదంలో నన్ను ఎక్కువగా పట్టుకున్న విషయం ఇంకొకటి. ఇక్కడ బుద్ధుడి అనుయాయులు నిత్యమైన ఆత్మ లేదని నైయాయికులతో శతాబ్దాలు పోరాడారు. అక్కడ అదే బుద్ధుడి అనుయాయులు, కర్మఫలం అనుభవించేవాడు ఉండాలి కదా అని, చావులేని ఆత్మ పక్షాన నిలబడ్డారు. లేదన్న పక్షం కన్ఫ్యూషియస్ చదువు చదివిన ఫాన్ జెన్‌ది. అంతమంది రాసినా ఆయన తన మాట వెనక్కి తీసుకోలేదు.