మురుగు దారిలో వాన నీరు

హైదరాబాదు నగరమున గట్టివాన కురిసినపుడెల్ల పల్లపు బస్తీలలో ఒకే దృశ్యము గోచరించును. వీథి నడుమ నున్న మ్యాన్‌హోల్ మూత అంచుల నుండి మొదట బుడగలు లేచును. పిమ్మట మూత కదలును. అంతలోనే నల్లని నీరు పైకుబికి వాకిళ్లలోనికిని, క్రింది అంతస్తుల స్నానపు గదులలోనికిని చొచ్చుకొని పోవును. చూచినవారు గొట్టము చిన్నదనియు, పెద్దది వేసినచో బాధ తీరుననియు తలంతురు. గొట్టము చాలకపోవుట నిజమే. కాని అధిక స్థలములలో అది చాలనిది రాకూడని వాననీటికే గాని, తాను మోయవలసిన మురుగునకు గాదు. ఈ భేదమును గ్రహించిననే గాని నివారణ మార్గము బోధపడదు.

1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి వేలాది ప్రాణములను బలిగొనిన పిదప నిజాము ప్రభుత్వము ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించినది. వరద నుండి నగరమును కాచుటకు ఆయన చూపిన మార్గమున వెలసినవే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరును అను జలాశయములు. నగరమునకు భూగర్భ మురుగు పారుదల పథకమును రూపొందించినవారును ఆయనయే. నాడు సుమారు ఐదు లక్షలుగా నున్న జనసంఖ్య నేడు ఎన్నో రెట్లు పెరిగినది. నగరపు నీటి సరఫరాను, మురుగు పారుదలను చూచుటకు 1989లో ఏర్పడిన జలమండలి నానాటికి క్రొత్త లైనులను కలుపుచునే యున్నది. అయినను పాత బస్తీలలో దశాబ్దముల నాటి స్టోన్‌వేర్ పైపులును, ఇటుకతో కట్టిన మ్యాన్‌హోల్‌లును ఇంకను ఆ భారమును మోయుచున్నవి.

ఇట్టి పాత లైనులలోనికి వాననీరు రెండు దారుల వచ్చును. మొదటిది ఊట. స్టోన్‌వేర్ పైపులు పొట్టివి. ఒకదానికొకటి కూర్చి సిమెంటుతో అతుకులు వేసి వీనిని పరచిరి. పైన లారీలు నడచుటచే నేల క్రుంగి అతుకులు విడిపోవును. తేమను వెదకుచు చెట్ల వేళ్లు ఆ సందులలో దూరును. కాంక్రీటు పైపులకు మరియొక ముప్పు కలదు: మురుగు నుండి వెలువడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గొట్టపు పైభాగమున సూక్ష్మజీవుల వలన సల్ఫ్యూరిక్ ఆమ్లముగా మారి కాంక్రీటును తినివేయును. వర్షాకాలమున నేలలోని నీటిమట్టము పైపునకు మించి లేచినపుడు ప్రతి పగులును ఒక ఊటచెలమయే యగును. వాన వెలసిన పిదపను ఎన్నో దినములు ఈ చేరిక ఆగదు.

రెండవది సూటిగా వచ్చునది. ఇది మన చేతులతో మనము తెచ్చునది. మిద్దె మీది వాననీటి గొట్టమును ఇంటి డ్రైనేజీ చాంబరులో కలిపివేయుట, పెరటి నీరు పోవుటకు చాంబరు మూతను తీసియుంచుట, వీథిలో నీరు నిలిచినపుడు గునపముతో మ్యాన్‌హోల్ మూతను పెకలించుట మనకు అలవాటులైనవి. వీని పర్యవసానమెంతటిదో ఒక చిన్న లెక్క వలన తెలియును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై గంటలో 5 సెంటీమీటర్ల వాన పడినచో చేరు నీరు 5,000 లీటర్లు. మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు వాడుకయనియు, అందు నూటికి 80 వంతులు మురుగగుననియు కొనినచో, ఐదుగురున్న ఇంటి నుండి దినమంతయు వెడలు మురుగు 540 లీటర్లు. అనగా ఆ యింటివారు తొమ్మిది దినములలో పంపు దానికి మించిన నీటిని వారి మిద్దె ఒక్క గంటలో పంపినది. ఉదయపు రద్దీవేళ మురుగు సగటుకు మూడు రెట్లుండునని తలచినను, ఆ ఒక్క మిద్దె ఆ గంటలో డెబ్బదికి పైగా ఇండ్ల మురుగునకు సమానమైన బరువును లైనుపై మోపినట్లే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన నమోదైన నగరమున ఇట్టి గంటలు రాకుండునా?

దీని కీడు వీథితో ముగియదు. శుద్ధికేంద్రములలో మురుగును భక్షించి శుభ్రపరచునవి సూక్ష్మజీవులు. పలుచనైన నీరు మితిమీరి వచ్చినచో వానికి పని చేయుటకు వ్యవధి చాలక, అవియే కొట్టుకొనిపోవును. మిగిలిన నీరు శుద్ధి లేకయే నదిని చేరును. ఇంతకంటె భయంకరమైన విషయము మరియొకటి కలదు: వానకాలమున నీటిని లోనికి పీల్చు పగులే వేసవిలో మురుగును వెలికి కార్చును. మంచినీటి పైపు ఆ చెంతనే యుండి, నల్లా కట్టిన వేళ అందు ఒత్తిడి తగ్గినచో, మురుగు అందులోనికి చేరును. 2009 మే నెలలో ఈ నగరములోని భోలక్‌పూరున కలుషిత జలము త్రాగి పలువురు మరణించిరి. పైపుల అతుకులు కేవలము ఇంజనీర్ల వ్యవహారమని ఇక నెవ్వరు తలంపగలరు?

చికిత్సకు ముందు రోగనిదానము కావలెను. నగరము నిద్రించు తెల్లవారుజామున లైనులోని ప్రవాహమును కొలుతురు. ఆ వేళ తేటనీరు ధారాళముగ పారుచున్నచో అది ఊటయే. ఒక మ్యాన్‌హోల్ నుండి హాని చేయని పొగను లోనికి ఊదినచో, ఎవరి మిద్దె గొట్టము నుండి పొగ లేచునో ఆ యింటి వాననీరు మురుగులో కలియుచున్నదని సందేహము లేక తెలియును. రంగునీరు పోసి దారిని పరీక్షింతురు. చిన్న కెమెరాను పైపులోనికి పంపి పగుళ్లను, వేళ్లను కన్నులార చూతురు.

దోషము తెలిసిన పిదప ప్రతిచోట రోడ్డు త్రవ్వ నక్కరలేదు. 1971లో లండనులోని హాక్నీ ప్రాంతమున మొదటిసారిగా వాడిన పద్ధతియందు, రెజిన్‌లో తడిపిన మెత్తని గుడ్డ గొట్టమును పాత పైపులోనికి చొప్పించి, అచ్చటనే గట్టిపడజేయుదురు. పాతదాని లోపల అతుకులు లేని క్రొత్త పైపు సిద్ధమగును. మ్యాన్‌హోల్ గోడలకు నీరు చొరని పూత పూసి, మూతలను బిగువుగ అమర్చవలెను. కాని వీథిలోని పెద్ద పైపును మాత్రమే బాగుచేసి, ఇండ్ల నుండి వచ్చు చిన్న పైపులను విడిచినచో, నేలలో మట్టము పెరిగిన నీరు వాని పగుళ్ల గుండ వచ్చును. కావున ఒక ప్రాంతమును ఇండ్ల వరకు సంపూర్ణముగ చేయుటయే మేలు. అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున 1993 మొదలు 2011 వరకు ఇంటింటికి తిరిగి, ప్రజల సమ్మతితో యాబది వేలకు పైగా మిద్దె గొట్టములను మురుగు లైనుల నుండి విడదీసి పెరళ్ల వైపు మళ్లించిరి. ప్రజలు కలసివచ్చినచో ఎంత పెద్ద కార్యమైనను సాధ్యమనుటకు ఇది నిదర్శనము.

పైపులను మార్చుట ప్రభుత్వపు బాధ్యత. వానను మురుగున కలుపకుండుట మన బాధ్యత. మ్యాన్‌హోల్ మూతను తెరచుట చట్టరీత్యా నేరము. నీట మునిగిన ఆ గుంతలో అడుగుపెట్టి ప్రాణము కోల్పోవు బాటసారిని తలచినచో అది మహాపాపము కూడ. పాఠకులారా, రానున్న తొలకరికి ముందే ఒకసారి మీ మిద్దె గొట్టము ఎక్కడికి పోవుచున్నదో చూడుడు. అది డ్రైనేజీ చాంబరును చేరుచున్నచో, వెంటనే విడదీసి ఇంకుడుగుంతకు మళ్లింపుడు.