పేరొకరిది, ప్రాణమొకరిది

ఆటకు పెట్టిన పేరును, అందలి పాత్రలను, బొమ్మలను, సంగీతమును చట్టము యజమానికి కట్టబెట్టునే గాని, దానిని ఆడు తీరును మాత్రము సాధారణముగా నెవరి సొత్తుగను ఎంచదు. అందువలన పూర్వపు ఆట పేరు పెట్టుకొనక, కథ నెత్తుకొనక, దాని ప్రాణమును మాత్రము పుణికిపుచ్చుకొని జనించు వీడియో గేములు కొన్ని కలవు. వీనినే ఆటగాండ్రు స్పిరిచ్యువల్ సక్సెసర్లని వ్యవహరింతురు.

శత్రుసంహారమే పరమావధిగా ఆటలు పుట్టుచుండిన దినములలో, క్యూషూ ద్వీపమందలి మియజాకి సీమలో పెరిగి, టోక్యో చేరిన పిదపనే పల్లె విలువ నెరిగిన యసుహిరో వాడా, పాడుపడిన పొలమును దున్ని, విత్తి, పశువులను మేపి, ఊరివారితో చెలిమి చేయుటయే వినోదముగా 1996లో ఒక ఆటను రూపొందించెను. అమెరికాలో నట్సుమే సంస్థ దానిని ‘హార్వెస్ట్ మూన్’ అను పేర విక్రయించెను. ఆ వరుస ఆటల హక్కులు పొందిన మార్వెలస్ సంస్థ, ఇకపై తన అనుబంధ సంస్థ ద్వారానే అమ్ముకొందునని 2014లో నిశ్చయింపగా, పేరు నట్సుమే చేత చిక్కియున్నందున, అసలు సంతతి ‘స్టోరీ ఆఫ్ సీజన్స్’ అను క్రొత్త పేరు తాల్పవలసివచ్చెను; పాత పేరుతో నట్సుమే వేరు ఆటలు వెలువరింప నారంభించెను.

పేరొకచోట, వంశమొకచోట నిట్లుండగా, ఈ ఇరువురితోను సంబంధము లేని ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు, తాను చిన్ననాట మరగిన ఆ ఆటలు రానురాను రుచి తప్పినవని తలంచి, సియాటిల్ ప్రాంతమున రమారమి నాలుగున్నరేండ్లు ఒంటరిగా శ్రమించి, ప్రోగ్రాము, చిత్రములు, సంగీతము సమస్తమును తానే సమకూర్చి, 2016 ఫిబ్రవరిలో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని విడుదల చేసెను.

అందు తాతగారి పొలము చేతికి రాగానే, ఊరిపెద్ద లూయిస్ కానుకగా నుంచిన 15 పార్స్‌నిప్ విత్తనములు లభించును. గుద్దలి యెత్తిన కొలది, నీరు పోసిన కొలది తెరమూలనున్న శక్తిరేఖ తరిగిపోవును. ఋతువునకు 28 దినములే. ఋతువు మారిన తెల్లవారి, కాలము తప్పిన పైరు మాడి నిలుచును. పనులు కొండంత, పగలు గోరంత యగుటచే, నేడు దేనిని పట్టి దేనిని విడువవలెనను రైతు విచారము ఆటగానిని ఆవహించును. పాత యాటకు ప్రాణమిదియే. బరోన్ దానిని చెదరనీక, గనులలో పోరాటములను, నానావిధ వస్తునిర్మాణమును, అంగడి సంస్థకు ఊరి నప్పగింతుమా, ఊరుమ్మడి భవనమును నిలబెట్టుకొందుమా యను సమస్యను చేర్చెను. 2024 ముగియునాటికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను.

పాత ఆటలతో పేరొందినవాని చేయి సోకినంతమాత్రమున ప్రాణము వచ్చునని తలంపరాదు. ‘మెగా మాన్’ ఆటలతో చిరకాలము పేరొందిన కేజీ ఇనఫునే, 2013లో అభిమానుల నుండి 38 లక్షల డాలర్లకు మించి చందాలు సేకరించి, వాని ఒరవడిలోనే చేసిన ‘మైటీ నంబర్ 9’, 2016లో వెలువడి అనేకులను నిరాశపరచెను. హక్కుపత్రము పేరును నిలుపగలదు, అనుభవము పోలికలను తేగలదు. ఏ నియమము తీసివేసిన ఆట ఆట గాకుండునో కనిపెట్టినవానికే వారసత్వము దక్కును.