ఎయిడ్సు నివారణ: స్థానికావసరములను గుర్తించు విధానము

హెచ్.ఐ.వి. యను సూక్ష్మజీవి మన దేశమున తొలుత 1986లో చెన్నపట్టణమున కనుగొనబడినది. అది గాలివలనను, నీటివలనను, దోమకాటువలనను వ్యాపింపదు. రక్షణలేని లైంగిక సంపర్కము, సోకిన రక్తము నెక్కించుట, ఒకరు వాడిన సూదిని మరియొకరు వాడుట, తల్లినుండి బిడ్డకు సోకుట - ఇవియే దాని ముఖ్యమార్గములు. మార్గములు ఎల్లెడల నొక్కటియే యైనను, ఏ మార్గమున ప్రమాదము హెచ్చుగా నున్నదో ఊరూరికి వేరుగా నుండును. కావున నివారణకు పూనుకొను సంఘములు ముందుగా స్థానికావసరములను తెలిసికొనవలయును.

ఛత్తీసుగఢు రాజధానిగా వెలసిన నవా రాయపూరును ఉదాహరణముగా గైకొనవచ్చును. దీని చెంతనున్న పాత రాయపూరు బొంబాయి-హౌరా రైలుమార్గముపై నున్నది. విజయనగరమునుండి వచ్చు మార్గమును అచ్చటనే కలియుచున్నది. ఇట్టి కూడలికి కట్టడపు పనివారును, లారీ డ్రైవర్లును పలుప్రాంతములనుండి వత్తురు. హిందీలో మాత్రమే అచ్చొత్తిన కరపత్రము, ఆ భాష చదువలేని తెలుగు కూలివానికి నిరుపయోగము. పరీక్షాకేంద్రము పగటివేళ మాత్రమే తెరచియున్నచో, అచ్చటికి పోయిన వానికి ఆనాటి కూలి పోవును.

ఇట్టి చిక్కులు వానిని అనుభవించువారికే తెలియును. ఎవరికి ప్రమాదము హెచ్చు? వారిని ఏవేళ, ఎచ్చట కలిసికొనవచ్చును? కండోములు ఎంత దూరమున లభించును? పరీక్షకు పోకుండ వారిని ఆపుచున్న దేమి? ఈ ప్రశ్నలను వారినే అడుగవలయును.

కలకత్తాలోని సోనాగాచీలో 1992లో డాక్టరు స్మరజిత్ జానా ఆధ్వర్యమున సర్వే జరిగినది. పిదప అచ్చటి స్త్రీలే తోడివారికి ఆరోగ్యబోధకులైరి. రోగముతోపాటు వడ్డీవ్యాపారుల పీడనయు వారిని బాధించుచుండెను. అప్పులలో మునిగిన స్త్రీ, కండోము వలదను విటుని కాదని పంపజాలదు. కావుననే 1995లో ఆ స్త్రీలు ఉషా సహకార సంఘమును స్థాపించుకొనిరి. అప్పు బాధ తీర్చుటయు నివారణలో భాగమే యైనది.

వివరములు సేకరించువారు గోప్యతను పాటింపవలయును. పటముపై ప్రదేశములను గుర్తింపవచ్చును గాని, పేర్లను, ఇండ్లను గుర్తింపరాదు. రహస్యము వెల్లడియైనచో జనులు భయపడి చికిత్సకు దూరమగుదురు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము, వ్యక్తి సమ్మతి లేనిదే, చట్టమనుమతించిన సందర్భములలో దక్క, అతని హెచ్.ఐ.వి. స్థితిని వెల్లడించుటను నిషేధించుచున్నది.

పనులు ముగిసినకొలది కూలీలు తరలిపోవుదురు, క్రొత్తవారు వత్తురు. కావున ఈ పరిశీలనను తరచుగా జరుపుచుండవలయును. ప్రభుత్వ కేంద్రములలో పరీక్షయు, చికిత్సయు ఉచితము. వివరములకు 1097 నంబరునకు ఫోను చేయవచ్చును.