మీదే పార్టీ? చెప్తేనే ఓటు!

పోలింగ్‌ కేంద్రం అంటే మనకు తెలిసినవి రెండే క్యూలు. ఒకటి ఆడవాళ్లది, ఒకటి మగవాళ్లది. అదే... డెమోక్రాట్లకో వరస, రిపబ్లికన్లకో వరస ఉంటే? లోపలికి అడుగుపెట్టగానే 'మీకు ఏ పార్టీ బ్యాలెట్‌ ఇమ్మంటారు?' అని సిబ్బందే అడిగితే? అమెరికాలో ప్రైమరీ ఎన్నికలప్పుడు చాలా రాష్ట్రాల్లో జరిగేది అదే. అక్కడా ఓటు రహస్యమే. కానీ పార్టీ మాత్రం కాదు!

అది 2020 మార్చి 3. టెక్సాస్‌ రాష్ట్రంలోని హ్యూస్టన్‌ నగరం. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన టెక్సాస్‌ సదరన్‌ యూనివర్సిటీలో ఓ పోలింగ్‌ కేంద్రం. సాయంత్రం ఏడింటికి గడువు ముగిసింది. క్యూ మాత్రం తరగలేదు. ఏడింటికల్లా వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటేసే హక్కుంది కాబట్టి ఎవరూ కదల్లేదు. చిట్టచివర నిలబడిన ఓ పెద్దమనిషి ఆరు గంటలకు పైగా ఎదురుచూసి, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో ఓటేసి బయటికొచ్చారు.

జనం ఎక్కువై, యంత్రాలు తక్కువై ఉంటాయనుకుంటాం. అదీ కొంత నిజమే. కానీ అసలు తిరకాసు వేరే ఉంది. ఆ కేంద్రంలోని యంత్రాల్ని రెండు పార్టీలకూ సమానంగా పంచేశారు. ఆ ఏడాది డెమోక్రాట్లలో జో బైడెన్‌, బెర్నీ శాండర్స్‌ల మధ్య హోరాహోరీ పోటీ. రిపబ్లికన్ల వైపు డొనాల్డ్‌ ట్రంప్‌కి ఎదురే లేదు. దాంతో ఓవైపు వరస చాంతాడంత. మరోవైపు యంత్రాలు ఖాళీ. ఆ ఖాళీ యంత్రం మీద వీళ్లు ఓటేయడానికి వీల్లేదు. ఎందుకంటే అది 'ఆ పార్టీది'!

టెక్సాస్‌లో ప్రైమరీ నిర్వహించే బాధ్యత పార్టీలదే. కౌంటీ అధికారులు సాయం చేస్తారు. ఒకే యంత్రాలు, ఒకే సిబ్బందితో ఉమ్మడిగా జరపాలంటే రెండు పార్టీలూ సరేననాలి. హ్యూస్టన్‌ ఉన్న హ్యారిస్‌ కౌంటీలో ఆ ఏడాది ఆ ఒప్పందం కుదర్లేదు.

టికెట్‌ ఇచ్చేది ఓటరే

ఇంతకీ ప్రైమరీ అంటే? అసలు ఎన్నిక కాదు. అసలు ఎన్నికలో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నిక. మన దగ్గర టికెట్‌ సంగతి పార్టీ పెద్దలు చూసుకుంటారు. బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. అమెరికాలోనూ ఒకప్పుడు ఇంచుమించు ఇదే తంతు. నాయకులు నాలుగు గోడల మధ్య కూర్చుని పేర్లు ఖాయం చేసేవారు. ఆ పద్ధతి మీద విస్కాన్సిన్‌ గవర్నర్‌ రాబర్ట్‌ లా ఫాలెట్‌ యుద్ధం ప్రకటించారు. అభ్యర్థిని ఓటర్లే నేరుగా ఎంచుకునేలా రాష్ట్రమంతటికీ వర్తించే చట్టాన్ని 1903లో అక్కడ తెచ్చారు. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి.

బాగానే ఉంది. కానీ అక్కడే ఓ చిక్కు ప్రశ్న. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే హక్కు ఎవరికుండాలి? ఆ పార్టీ వాళ్లకేనా, దారినపోయే ప్రతివాళ్లకీనా? దీనికి ఒక్కో రాష్ట్రం ఒక్కో జవాబు చెప్పుకుంది. పోలింగ్‌ కేంద్రంలో ఓటరుకి ఎదురయ్యే ప్రశ్న కూడా దాన్నిబట్టే మారిపోతుంది.

తలుపు మూసి...

న్యూయార్క్‌, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, మేరీలాండ్‌ లాంటి రాష్ట్రాలవి 'మూసిన' ప్రైమరీలు. ఓటరుగా పేరు నమోదు చేసుకున్నప్పుడే మీదే పార్టీయో రాసివ్వాలి. పోలింగ్‌ నాడు సిబ్బంది జాబితాలో మీ పేరు చూస్తారు. పక్కనే పార్టీ పేరుంటుంది. ఆ పార్టీ బ్యాలెటే చేతికిస్తారు. ఏ పార్టీ రాయకపోతే? మామూలుగా ఆ ప్రైమరీలో మీకు ఓటే ఉండదు.

ఈ నిబంధన ఎంత పెద్దవాళ్లనైనా వదల్దు. 2016లో ట్రంప్‌ తొలిసారి అధ్యక్ష పదవికి పోటీపడ్డారు. ఏప్రిల్లో సొంత రాష్ట్రం న్యూయార్క్‌లో ప్రైమరీ. తీరా చూస్తే కన్నకూతురు ఇవాంకా, కొడుకు ఎరిక్‌ తండ్రికి ఓటేయలేకపోయారు! వాళ్లు రిపబ్లికన్లుగా నమోదై లేరు. పార్టీ మార్చుకోవడానికి గడువు అంతకు ఆర్నెల్ల ముందే, 2015 అక్టోబరులోనే అయిపోయింది. డెమోక్రాట్ల వైపు శాండర్స్‌ అభిమానులదీ అదే గోడు. ఈ రెండు పార్టీల్లో దేంట్లోనూ లేని 30 లక్షల మందికి పైగా న్యూయార్క్‌ ఓటర్లు ఆ రోజు ఇంట్లోనే కూర్చోవాల్సి వచ్చింది. విమర్శలు వెల్లువెత్తడంతో 2019లో చట్టం మార్చి, గడువుని ఫిబ్రవరి 14కి జరిపారు.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్‌... మన కాట్రగడ్డ అరుణ... గెలుపోటములు రెండూ చూసింది ఇలాంటి మూసిన తలుపుల వెనకే. 2018లో కాంగ్రెస్‌ సీటు కోసం మేరీలాండ్‌లో డెమోక్రాటిక్‌ ప్రైమరీలో పోటీపడి ఓడిపోయారు. 2022లో వెస్‌ మూర్‌తో కలిసి ప్రైమరీ గెలిచి, నవంబరులో లెఫ్టినెంట్‌ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. రెండుసార్లూ ప్రైమరీలో తీర్పు చెప్పింది డెమోక్రాట్లుగా నమోదైన వాళ్లే.

తలుపు తెరిచి...

వర్జీనియాకి వస్తే కథ మారుతుంది. అక్కడ ఓటర్ల జాబితాలో పార్టీ గడే లేదు. ఒకేరోజు రెండు పార్టీల ప్రైమరీలూ ఉంటే 'ఎందులో ఓటేస్తారు?' అని అడుగుతారు. ఒకటి చెప్పాలి, ఒకదాంట్లోనే వేయాలి. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2025 జూన్‌లో లెఫ్టినెంట్‌ గవర్నర్‌ పదవికి డెమోక్రాటిక్‌ ప్రైమరీలో ఆరుగురి పోటీని దాటుకుని స్వల్ప తేడాతో గెలిచింది ఈ 'తెరిచిన' పద్ధతిలోనే.

టెక్సాస్‌లోనూ ముందుగా పార్టీ నమోదు ఉండదు. కానీ ఓటేసినప్పుడు ఏ పార్టీ బ్యాలెట్‌ తీసుకున్నారో రికార్డుకెక్కుతుంది. ఆ ఏడాదంతా మీరు ఆ పార్టీ కిందే లెక్క. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాక 'రనాఫ్‌' అనే మలి పోటీ జరిగితే, అప్పుడు గోడ దూకడం కుదరదు. మొదటిసారి ఏ పార్టీలో ఓటేశారో మళ్లీ అందులోనే వేయాలి.

తలుపు తెరిస్తే అవతలి పక్షం దూరదా? దూరుతుంది! 2008లో బరాక్‌ ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల మధ్య పోరు రసవత్తరంగా సాగుతుంటే, రేడియో వ్యాఖ్యాత రష్‌ లింబా ఓ పిలుపిచ్చారు. 'రిపబ్లికన్లంతా వెళ్లి హిల్లరీకి ఓటేయండి. వాళ్ల కొట్లాట ఇంకొన్నాళ్లు సాగనీయండి' అన్నది దాని సారాంశం. దానికి ఆయన పెట్టిన పేరు 'ఆపరేషన్‌ ఖేయాస్‌'. అంటే, గందరగోళం. మూసిన ప్రైమరీలే మేలని వాదించేవాళ్లు ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇది.

ఒక్కపూట పార్టీ సభ్యత్వం

న్యూహాంప్‌షైర్‌ వాళ్లది మరీ చిత్రం. అక్కడ ఏ పార్టీలోనూ లేనివాళ్లు పోలింగ్‌ కేంద్రానికొచ్చి తమకు నచ్చిన పార్టీ బ్యాలెట్‌ అడగొచ్చు. అడగ్గానే ఆ పార్టీ సభ్యులైపోతారు. ఓటేశాక బయటికెళ్లే ముందు మరో బల్ల దగ్గర ఓ సంతకం చేస్తే చాలు... మళ్లీ ఏ పార్టీకీ చెందనివాళ్లే!

మిషిగన్‌లో ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు. అధ్యక్ష అభ్యర్థి ప్రైమరీకి ఏ పార్టీ బ్యాలెట్‌ కావాలో రాసివ్వాలి. ఆగస్టులో జరిగే రాష్ట్ర ప్రైమరీలో మాత్రం ఒకే కాగితం మీద రెండు పార్టీల వరసలూ ఉంటాయి. ఏ వైపు గుర్తు పెట్టారో ఎవరికీ తెలీదు. కాకపోతే రెండువైపులా పెడితే ఆ భాగం చెల్లదు. అంటే పార్టీని కూడా రహస్యంగా ఉంచొచ్చన్నమాట.

కాలిఫోర్నియా మరో అడుగు ముందుకేసింది. ఒక పదవికి ఈ పార్టీలో, ఇంకో పదవికి ఆ పార్టీలో వేసుకోవచ్చంది. పార్టీలు కోర్టుకెక్కాయి. తమ అభ్యర్థిని బయటివాళ్లు ఎంచడమేంటన్న వాటి వాదనతో 2000 సంవత్సరంలో అమెరికా సుప్రీంకోర్టు ఏకీభవించింది. ఆ పద్ధతి చెల్లదంది. పదేళ్ల తర్వాత ఓటర్లు వేరే దారి ఎంచుకున్నారు. గవర్నరు, చట్టసభల సీట్ల లాంటి పదవులకు అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే ప్రైమరీలో పోటీపడతారు. మొదటి ఇద్దరూ నవంబరులో తలపడతారు. వాళ్లిద్దరిదీ ఒకే పార్టీ అయినా సరే!

'ఇది మా ఇంటి వ్యవహారం'

పార్టీ తన తలుపు తాను వేసుకుంటే తప్పేంటి అనిపించొచ్చు. అదే మాటని అడ్డుపెట్టుకుని టెక్సాస్‌లో ఏం చేశారో తెలిస్తే అలా అనలేం. 1923లో అక్కడ ఓ చట్టం తెచ్చారు. డెమోక్రాటిక్‌ ప్రైమరీలో నల్లజాతీయులు ఓటేయకూడదని! అప్పట్లో ఆ రాష్ట్రంలో ఆ పార్టీకి తిరుగులేదు. ప్రైమరీలో గెలిస్తే పదవి దక్కినట్టే. అంటే నవంబరులో నల్లజాతీయులు ఓటేసినా దానికి విలువే లేదు. 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం పక్కకు తప్పుకుంది, పార్టీ ముందుకొచ్చింది. 'మాది ప్రైవేటు సంఘం. ఎవర్ని రానివ్వాలో మా ఇష్టం' అంది. 1935లో కోర్టు దానికి తలూపింది కూడా.

చివరికి లోనీ స్మిత్‌ అనే నల్లజాతి దంతవైద్యుడు పోరాడారు. ఆయన తరఫున వాదించిన వాళ్లలో థర్గుడ్‌ మార్షల్‌ ఒకరు. తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టుకి తొలి నల్లజాతి న్యాయమూర్తి అయింది ఆయనే. ప్రైమరీ కూడా ఎన్నికల్లో భాగమే, జాతిని బట్టి ఓటరుని ఆపడానికి వీల్లేదని 1944లో తీర్పొచ్చింది. ఆ స్మిత్‌ ఉన్న ఊరు హ్యూస్టన్‌. కౌంటీ... హ్యారిస్‌!

ఊరందరికీ తెలుస్తుంది

ఎవరికి ఓటేశారో ఎప్పటికీ బయటికి రాదు. కానీ ఏ పార్టీలో నమోదయ్యారు, ఏ పార్టీ బ్యాలెట్‌ తీసుకున్నారు అన్నది చాలా రాష్ట్రాల్లో బహిరంగ రికార్డు. పార్టీలు ఆ జాబితాలు తీసుకుని ఇంటికి ప్రచార పత్రాలు పంపుతాయి. ఫోన్లు చేస్తాయి. 2024లో జె.డి.వాన్స్‌ రిపబ్లికన్‌ ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి 2014లో డెమోక్రాట్‌గా నమోదై ఉన్న సంగతిని అక్కడి పత్రికలు బయటపెట్టాయి. వాషింగ్టన్‌ రాష్ట్రంలో ఓటు తపాలాలో వేస్తారు. అక్కడ అధ్యక్ష ప్రైమరీలో పార్టీ పేరు గుర్తుపెట్టాల్సింది కవరు మీదే!

మనవాళ్లకు పనికొచ్చే మాట

అక్కడ పౌరసత్వం వచ్చిన మీ అబ్బాయో, మేనకోడలో తొలిసారి ప్రైమరీలో ఓటేయబోతుంటే ఈ సంగతులు చెప్పండి.

* ఊరు మారి వేరే రాష్ట్రానికి వెళితే నిబంధనలూ మారతాయి. టెక్సాస్‌ అలవాటుతో ఫ్లోరిడాలో క్యూలో నిలబడితే ఓటు లేదంటారు.

* మూసిన ప్రైమరీ ఉన్నచోట పార్టీ నమోదుకీ, మార్పుకీ గడువు వారాలు, నెలల ముందే ముగియొచ్చు. పోలింగ్‌ రోజు చూసుకుందాంలే అంటే కుదరదు.

* కాలిఫోర్నియాలో 'అమెరికన్‌ ఇండిపెండెంట్‌' అని ఓ పార్టీ ఉంది. ఏ పార్టీ వద్దు అనుకుంటూ ఆ గడిలో టిక్కు పెట్టి, తెలియకుండానే ఆ పార్టీ సభ్యులైనవాళ్లు బోలెడంతమంది. ఏ పార్టీ వద్దనుకునేవాళ్లు పెట్టాల్సిన గడి వేరే ఉంటుంది.

* ఏ పార్టీ బ్యాలెట్‌ తీసుకున్నా నవంబరులో స్వేచ్ఛకు అడ్డేం లేదు. అసలు ఎన్నికలో ఎవరికైనా వేయొచ్చు.

ఆ చివరి మాట విని 'అయితే ప్రైమరీ మానేసి నవంబరులోనే వేద్దాం' అనుకునేవాళ్లూ ఉంటారు. కానీ ఒకే పార్టీకి పట్టున్న నియోజకవర్గాలు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటిచోట ఫలితం ప్రైమరీలోనే తేలిపోతుంది. ఏ పార్టీయో చెప్పడం ఇష్టంలేక ఇంట్లో ఉండిపోయినవాళ్లు, వరసలో నిలబడినవాళ్లు ఎంచిన పేర్లలోంచే నవంబరులో ఒకటి ఏరుకోవాలి.